మంచం పక్కన నిలబడ్డ మామ్మ

తుంటి ఎముక ఆపరేషనయి మా అక్క ఇంటికొచ్చాక, కట్టు మార్చడానికి ఫోనులో బుక్ చేస్తే, పోయిన వారం ఒక నర్సమ్మాయి స్కూటీ మీద గాజువాకలోని మా ఇంటికి వచ్చింది. మంచి చెయ్యి. నొప్పి తెలియకుండా పాత కట్టు విప్పి, గాయం శుభ్రం చేసి, కొత్తది వేసి, దాన్ని ఫోటో తీసి ఎవరికో పంపి, మంచినీళ్లయినా తాగకుండా పావుగంటలో వెళ్లిపోయింది. ఆ పిల్లను తప్పు పట్టడానికేమీ లేదు, తరువాతి ఇల్లు ద్వారకా నగర్లో ఉందట. కానీ ఆమె వెళ్లాక స్పిరిట్ వాసన గదిలో చాలాసేపు ఉండిపోయింది. నేను అక్క పక్కన కూర్చునే నా ఇరవయ్యారో ఏటికి వెళ్లిపోయాను.

నర్సు చదువు ముగించి కంచరపాలెం దగ్గర ఒక చిన్న ధర్మాసుపత్రిలో చేరిన కొత్తల్లో, ఆసుపత్రికి రాలేని ముసలివాళ్లను వాళ్ల ఇళ్లకే వెళ్లి చూడాలని మా పెద్ద డాక్టరమ్మ అనుకుని, ఆ పని నాకు అప్పజెప్పింది. వార్డులోంచి తీసేసి వీధుల వెంట తిప్పుతున్నారని ఆ రోజు మందుల గదిలో కూర్చుని ఏడ్చాను. పాదరసం బీపీ మిషను ఎంత బరువుండేదో మా ఈడు నర్సులకు చెప్పనక్కర్లేదు. దాన్నొక భుజానికీ కట్ల సంచీ మరో భుజానికీ తగిలించుకుని, రైలు పట్టాల పక్క సందుల్లో ఎండకు మాడుతూ తిరిగేదాన్ని.

అలాంటిది, రెండు నెలలు గడిచేసరికి ఆ తిరుగుడే నాకు ప్రాణమైపోయింది. వార్డులో మంచం నంబరుతో పిలిచే మనిషి, తన ఇంట్లో ఎవరికో మేనమామ, ఒకప్పుడు వీధి నాటకాల్లో రాజు వేషం కట్టినవాడు. నేను వచ్చే రోజని పొద్దున్నే తల దువ్వించుకుని గుమ్మంవైపు చూస్తూ ఉండేవాళ్లు. వారం పొడుగునా కబుర్లు పోగేసి ఉంచేవాళ్లు. పుట్టేనాటికే అమ్మమ్మ లేని నాకు ఒక్కసారిగా పదిమంది అమ్మమ్మలు దొరికారు.

వాళ్లలో ఒక మామ్మ. రోగి ఆమె కాదు, ఆమె పెనిమిటి. పోర్టులో సరుకు దించే కళాసీగా పనిచేసిన ఆ తాతకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది. మిగిలింది ఒక్క మాటే, ‘అదే’. దాహమేసినా అదే, కాలు తిమ్మిరెక్కినా అదే, రేవులో ఓడ కూత వినిపించినా అదే. నాకన్నీ ఒక్కలాగే వినపడేవి గానీ, మామ్మ మాత్రం వంటింట్లోంచే విని, ఇది నీళ్లకనీ, ఇది కిటికీ తెరవమనీ తేల్చేసేది. ఆయన నడుము కింద అరచేతంత పుండ్లు పడ్డాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వెళ్లి కట్టు మార్చేదాన్ని. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలని నేను చెప్పినది, ఆ బక్కపలచటి మనిషి అయిదు నెలలు ఒక్క పూట తప్పకుండా చేసింది.

ఒక శుక్రవారం కట్టు విప్పి చూస్తే ఆఖరి పుండు కూడా మానిపోయింది. మామ్మ వంగి, చేత్తో తడిమి, “ఓలమ్మా, మా ముసిలోడి నడుం మళ్లీ నున్నగా అయిపోనాదే!” అని చిన్నపిల్లలా నవ్వింది. నా ఉద్యోగంలో అంతటి సంతోషం అంతకుముందు ఎరగను. నేను సంచీ సర్దుకుంటుంటే ఆమె గుమ్మం దాకా వచ్చి, కాస్త సిగ్గుపడుతూ అడిగింది.

“నన్నూ ఓపాలి సూసీ అమ్మా. నాలుగడుగులేత్తే ఊపిరాడతన్లేదు. కాళ్లు సూడు, నీరట్టీసినాయి.”

బీపీ మిషను అప్పటికే పెట్టెలో పెట్టేశాను. ఇంకా రెండిళ్లు తిరగాలి. అదీగాక, పుండు మానిన కబురు డాక్టరమ్మకు ఎప్పుడు చెప్తానా అన్న తొందర. “మంగళవారం తప్పకుండా చూస్తాను మామ్మా” అన్నాను.

“అలాగే. నాకేటి తొందర? ఆయన్ని బాగుసేసినావు, సాలు” అంది.

మంగళవారం నేను వెళ్లేసరికి గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని, “కుళాయి కాడ బిందె నింపతా కూలబడిపోనాదమ్మా, ఆదివారం పొద్దుట. మరి లెగనేదు” అంది. లోపల మంచం మీద తాత నన్ను చూసి ఎడమ చెయ్యి గుమ్మంవైపు చాపి, అదే, అదే, అంటూనే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరు నీళ్లందించారు, ఒకరు కిటికీ తెరిచారు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆయనకేం కావాలో చెప్పగల మనిషి ఆ ఇంట్లో లేదు.

తాతను గాజువాకలో కుట్టుపని చేసుకునే కూతురు తన ఇంటికి తీసుకెళ్లింది. నన్ను మళ్లీ వార్డులో వేయమని డాక్టరమ్మను బతిమాలాను. ఆమె కోప్పడలేదు. మంచం మీద ఉన్నవాళ్లే కాదు, మంచం పక్కన నిలబడ్డవాళ్లు కూడా రోగులేనని ఇప్పుడు నీకు తెలిసింది, తెలిసినదానివి నువ్వే వెళ్లాలి, అంది. బస్సెక్కి గాజువాక వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు, బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఆ కూతురి ముందు కూర్చుని, మీ అమ్మ తనను ఓసారి చూడమని నన్ను అడిగిందనీ, నేనే చూడలేదనీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చాట పక్కన పెట్టి, “మాకెవులికీ సెప్పలేదు సిస్టరూ. నీకైనా సెప్పుకుంది” అంది. నన్ను ఓదార్చడానికే అంది, పాపం. ఆ ఓదార్పు కన్నా రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

కార్తీకం రాకుండానే తాత కూడా పోయాడు. ఆయన మాట నాకు చివరిదాకా పట్టుబడలేదు. ఆ తరువాత ఏ ఇంటికి వెళ్లినా, తలుపు తీసిన మనిషి చేతికే ముందు బీపీ పట్టీ చుట్టేదాన్ని. తమకేం జబ్బని వాళ్లు నవ్వేవారు. అలా నవ్విన ఒకరిద్దరిని ఆ రోజే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. పోయిన సంతోషం మెల్లగా తిరిగొచ్చింది గానీ, మొదటి రోజుల్లో ఉన్నంత తేలిగ్గా రాలేదు.

ఇప్పుడు బీపీ మిషను లేని ఇల్లు లేదు. చేతికి తొడిగి మీట నొక్కితే అంకెలు వాటంతటవే వస్తాయి. మంచిదే, ఎవరూ మంగళవారం దాకా ఆగక్కర్లేదు. అప్పుడప్పుడు కంచరపాలెం వైపు వెళ్తే ఆ పెంకుటిళ్ల చోట మేడలు కనిపిస్తాయి. దానికీ నాకు పెద్ద దిగులు లేదు. మా కాలంలోనే ఉద్యోగం చేసిన బడిపంతులమ్మలను చూస్తే మాత్రం కాస్త అసూయ. వాళ్లు ఏ వీధిలో నడిచినా, ఎప్పటి పిల్లలో పెరిగి పెద్దయినవాళ్లు ఎదురొచ్చి నమస్కారం పెడతారు. నా పదిమంది అమ్మమ్మలు నేను వెళ్లేనాటికే ముసలివాళ్లు. నేను వయసులో ఎలా ఉండేదాన్నో, ఎంత గబగబా నడిచేదాన్నో చూసిన ఆ వీధులన్నిటిలోనూ, అది చెప్పడానికి ఇవాళ ఒక్కరూ లేరు.