పువ్వులకు క్షవరం

మగ్గాలను ఆపడానికి ఈ దేశంలో చాలామంది చాలా కష్టపడ్డారు. పవర్‌లూములు వచ్చాయి, నూలు ధరలు పెరిగాయి, దళారులు పుట్టుకొచ్చారు. ఎవరెంత చేసినా మా వీధిలో ఎనిమిది మగ్గాలు మొండిగా ఆడుతూనే ఉండేవి. చివరికి ఆ పని పూర్తిచేయడానికి నేను పుట్టాల్సి వచ్చింది. అదీ అరగంటలో, ఏసీ గదిలో, మెడకు టై బిగించుకొని.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. నాకు ముప్పై దాటాయి, బుద్ధి రావడానికి మాత్రం ఇంకా చాలా టైముంది. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసి, నల్లగొండ పక్కన మా ఊరికి తిరిగొచ్చాను. మా నాయిన, చిన్నాయన, వరుసకు అన్నదమ్ములయ్యేవాళ్లు నేసే ఇక్కత్ చీరలను ఇక నేనే అమ్మిపెడతానని కంపెనీ పెట్టాను. కంపెనీ అంటే ఒక రబ్బరు స్టాంపు, ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, నేను. ఫ్యాక్టరీలో నేను నేర్చుకున్నది ఒక్కటే. పెద్ద సార్లు గోడ మీద స్లైడ్లు వేస్తే కింద కూర్చున్నవాళ్లంతా తలలూపుతారు. ఒకసారి కరెంటు పోయి గోడ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఊపారు. అప్పటినుంచి నాకు దేవుడి కన్నా స్లైడ్ల మీద గురి ఎక్కువైంది.

హైదరాబాదులో నాలుగు చీరల దుకాణాలున్న ఒక మేడం మా సరుకు చూస్తానని కబురు పెట్టింది. ఆమెకు నచ్చితే ఎనిమిది మగ్గాలకూ ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే మా చిన్నాయన నగరంలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా పోతాడు. కొలువు మాట్లాడుకొనే పెట్టుకున్నాడు, మేడం మాట తేలేదాకా ఆగుతానన్నాడు.

నాయిన ఆలోచన సూటిగా ఉంది. "పది చీరెలు మూటగట్టుకొని పోదాం. ఆమె ముంగట పరుద్దాం. పట్టుకొని చూసుకుంటది."

"గవన్నీ పాత పద్ధతులు నాయినా. ఇప్పుడు చీరెను చూపియ్యరు, చీరె గురించి చూపిస్తరు."

గొర్రె ఇంగ్లీషు మాట్లాడితే ఎట్లా చూస్తారో అట్లా చూసి, నాయిన మగ్గం గుంటలోకి దిగాడు.

స్లైడ్లు చేసిపెట్టేవాళ్ల కోసం ఇంటర్నెట్ అంతా గాలించాను. హైదరాబాదులో ఇంట్లో కూర్చొని కంపెనీలకు స్లైడ్లు చేసిచ్చే కిరణ్ అనే అతను దొరికాడు. తన వెబ్‌సైటులో "మీ వ్యాపార కథకు ప్రాణం పోస్తాను" అని రాసుకున్నాడు. నిజానికి మా కథకు అప్పటిదాకా ప్రాణం బాగానే ఉంది.

ఫోన్ చేస్తే పని మొదలుపెట్టకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు. "అన్నా, మీ బ్రాండ్ ఒక మనిషైతే ఎట్లాంటి మనిషి?"

బ్రాండంటే చీర, చీరంటే నాయిన. బాగా ఆలోచించి చెప్పాను. "ముక్కోపి. చెవులు సరిగ వినవడయి. బీడీ తాగుతడు."

అవతల టకటకా టైపు కొడుతున్న చప్పుడు వచ్చింది. మా మొదటి స్లైడు మీద "నిప్పులాంటి నిజాయితీ, చెదరని ఏకాగ్రత" అని పడటానికి కారణం అదే. బీడీని ఎక్కడ ఇరికించాడో నేను కనిపెట్టలేకపోయాను.

ఇరవై చీరల ఫొటోలు తీసి పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. పువ్వుల చుట్టూ, ఏనుగుల కాళ్ల దగ్గర రంగు కొంచెం చెదిరినట్టుంది, ఫొటో తీసేటప్పుడు చెయ్యి వణికిందా, చీరలోనే అట్లా ఉందా అని అడిగాడు.

ఇక్కడ పాఠకులు ఒక్క నిమిషం ఆగాలి. ఇక్కత్‌లో బట్ట నేశాక బొమ్మ వేయరు. నూలునే ముందుగా అక్కడక్కడా బిగించి కట్టి, రంగులో ముంచి, ఆ పోగులు మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి కుదిరేటట్టు నేస్తే బొమ్మ పుడుతుంది. ఎంత చేయి తిరిగినవాడు నేసినా పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. పువ్వు చుట్టూ ఆ చెదురు అందుకే. అది చేతిపనికి గుర్తు. మా వీధిలో పాలు మానని పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు. అయినా కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి వేలెత్తి చూపేసరికి, నా చిరిగిన బనీను ఎవరో చూసేసినంత సిగ్గేసింది.

"చీరెలనే ఉన్నది తమ్మీ. గదంత సాఫ్ చేసెయ్."

"నిజంగనా అన్నా? ఉంటేనే మంచిగనిపిస్తుంది కదా."

"పెద్ద మేడం చూస్తది. నీట్‌గ ఉండాలె. చెప్పినట్టు చెయ్."

చేశాడు. ఒక్క పువ్వును కూడా వదల్లేదు. నున్నగా గడ్డాలు గీయించుకొని పెళ్లికి బయల్దేరిన మేనమామల్లాగా తయారయ్యాయి పువ్వులు. ఏనుగులు నా కంపెనీ రబ్బరు స్టాంపు గుద్దినట్టు నిలబడ్డాయి. ఆనందం పట్టలేక లాప్‌టాప్ మోసుకొచ్చి నాయిన ముందు పెట్టాను. కళ్లద్దాలు తుడుచుకొని రెండుసార్లు చూశాడు. ఇవి ఎవరి చీరలని అడిగాడు. మనవే అన్నాను.

"మనయి గావు" అని ఆయన మళ్లీ నేతలో పడ్డాడు. ముసలాయనకు చూపు కూడా మందగించిందని జాలిపడ్డాను.

నాయిన కట్టిపెట్టిన చీరల మూటను గడప దగ్గరే వదిలేసి బస్సెక్కాను. మూటతో దిగితే బస్టాండులో దువ్వెనలమ్మేవాడిలా కనబడతానని నా భయం.

మేడంకు అరవై ఏళ్లుంటాయి. తొమ్మిది స్లైడ్లదాకా తల ఊపుతూనే ఉంది. ఫ్యాక్టరీ సార్లను మించిపోయానని నా మీద నాకే ముచ్చటేసింది. పదో స్లైడు దగ్గర ఆపమంది. లేచి గోడ దగ్గరకు పోయి ఏనుగు కాలి మీద వేలు పెట్టింది.

"ఇది ప్రింటా?"

"కాదు మేడం. మా నాయిన చేత్తో నేసిండు."

"చేత్తో నేస్తే చెదురు ఏది?"

అసలు చీర ఒకటి తీసి చూపించమంది. తేలేదన్నాను. చీరలమ్మడానికి చీర లేకుండా వచ్చావా అని ఆమె నోటితో అడగలేదు, ముఖంతో అడిగింది. నిజం చెప్తే గట్టెక్కుతానన్న భ్రమ నాకు అప్పటికింకా ఉంది.

"అసలు చీరెలల్ల ఉంటది మేడం. ఫొటోలల్ల గా మచ్చలు నేనే తీయించిన."

"ఏవి తీయించావు?"

"మచ్చలు."

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఆ చెదురు రావాలని ప్రింటు వేసేవాళ్లు మిషన్లతో తిప్పలు పడుతున్నారు బాబూ. నువ్వేమో నేసేవాళ్లింట్లో పుట్టి దాన్ని మచ్చ అంటున్నావు. రేపు ఏ చీరలో ఏం తీయించి పంపుతావో నాకెట్లా తెలుస్తుంది?"

మిగతా పద్నాలుగు స్లైడ్లు ఎవరూ చూడలేదు. పదిహేనోది చాలా బాగుండేది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్న నాయిన ముఖం ముందు వెలిగింది.

"అంటే ఆమెకు తెల్సన్నట్టు."

"తెల్సు నాయినా."

"గోడమీద బొమ్మ జూసి గుర్తువట్టింది."

"అవు."

"మరి నీకేమైందిరా?"

గడప దగ్గర వదిలేసిన మూటను తీసి లోపల పెట్టాను.

వారం తిరక్కముందే మూట ఎత్తుకొని, నాయినను వెంటబెట్టుకొని మళ్లీ వెళ్లాను. మేడం ఒక్కో చీరనూ చేతుల్లోకి తీసుకొని చూసింది. నాయినకు చాయ్ ఇప్పించింది, ఇంత మంచి నేత ఈ మధ్య చూడలేదంది. ఆర్డరు మాత్రం రెండు రోజుల కింద వేరే ఊరి నేతగాళ్లకు ఇచ్చేశానంది. వాళ్లు స్లైడ్లు తేలేదట. మూట తెచ్చారట.

చిన్నాయన వాచ్‌మన్ కొలువుకు పోయాడు. ఆయన మగ్గం విప్పి అటక మీదికి ఎక్కిస్తుంటే కింద నిలబడి కర్రలు అందించింది నేనే. నా మీద ఎవరూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంత నయంగా ఉండేది. తర్వాత ఒక్కొక్కటే మిగతావీ అటకలెక్కాయి. అందరికన్నా చివర నాయినది.

కిరణ్ మాత్రం పైకొచ్చాడు. మా స్లైడ్లను తన గొప్ప పనికి నమూనాగా వెబ్‌సైటులో పెట్టుకున్నాడు. మగ్గాలు పోయినా స్లైడ్లు అక్కడ నిక్షేపంలా ఉన్నాయి. పని నచ్చితే నక్షత్రాలు ఇవ్వమని అప్పట్లో మెసేజ్ పెడితే అయిదుకు అయిదూ ఇచ్చాను. సాఫ్ చేయడమెందుకని నన్ను అడిగింది అతనొక్కడే మరి.

మొన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కొని, నాయిన ఎదుట చేతులు కట్టుకొని నిలబడి గట్టిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏది అమ్మాలన్నా ఆ వస్తువునే మోసుకొని పోతాను. బర్రెనైనా సరే, లిఫ్టులో ఎక్కించి పదో అంతస్తుకు తోలుకుపోతాను. దాని బొమ్మ చేయించను. ఒకవేళ చేయించినా దాని ఒంటి మీది బురద ఒక్క చుక్క కూడా తుడిపించను.

నాయిన చివరిదాకా ఓపికగా విన్నాడు.

"మంచిదే బిడ్డా" అన్నాడు. "ఇగ అమ్మనీకి మనకేమున్నది?"