యాదగిరి కారు మీటరు

అరవైల్లో ఒక మే నెల మధ్యాహ్నం. గుంటూరు నుంచి పనిమీద మెదక్ వెళ్తూ, తూప్రాన్‌లో బస్సు తప్పిపోయి కిరాయి కారెక్కాను. ముందు సీట్లో డ్రైవరు యాదగిరి పక్కన నేను, వెనక మెదక్ చర్చి బడిలో పాఠాలు చెప్పే ముసలి టీచరమ్మ.

కారు దూసుకుపోతుంటే మొదట్లో హాయిగానే ఉంది. చెమట ఆరింది, చొక్కా గాలికి ఉబ్బింది, కునుకు కూడా పట్టబోయింది. ఇంతలో ఎదురుగా ఎడ్లబండి. యాదగిరి బ్రేకు తొక్కకుండానే వెంట్రుకవాసిలో తప్పించాడు. నా కునుకు ఎగిరిపోయింది. ఎంత స్పీడులో పోతున్నామో చూద్దామంటే మీటరు ముల్లు సున్నా దగ్గరే ఉంది.

"ఈ మీటరు పనిచేయదా?" అన్నాను.

"గది ఎన్నడో ఖరాబయింది సార్. టీచరమ్మ వారం వారం నా కారులనే వస్తది, ఆమెనే మీటరు. నలభై దాటితే పాట అందుకుంటది, యాభై దాటితే ప్రార్థన జేస్తది. గప్పుడు నేను కాలు తీస్త. ఇప్పుడైతే సప్పుడే లేదు గద, పరేషాన్ గాకుండ్రి."

వెనక్కి తిరిగి చూశాను. మీటరు గాలికి తల వాల్చి, కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోతోంది.

"ఆంజనేయా, కాపాడు తండ్రీ" అని గొణిగాను.

టీచరమ్మ కళ్లు తెరవకుండానే అన్నారు: "జర గట్టిగ మొక్కుండ్రి సార్. మీ దేవునికి ఇనవడ్డది గని, యాదగిరికి ఇనవడలే."