ఆవ పెట్టిన జర్మన్ బంగాళదుంపలు

నా భార్య కుడి మణికట్టు విరిగి కట్టు కట్టిన నాటినుంచి వంట నాది. వండడం కన్నా ఆమె చేత తినిపించడం కష్టమైంది. ఎడమచేత్తో అన్నం ముట్టుకోదు. కలిపి ముద్దలు పెడతానంటే సిగ్గు. చెంచాతో నాలుగు మెతుకులు తిని "చాలండి" అని లేచిపోయేది. పదో రోజుకి జాకెట్టు వదులైంది. నాకు బెంగ పట్టుకుంది.

అన్నం కాకుండా, ఫోర్కుతోనే తినవలసింది ఏదైనా చేస్తే ఆమెకు చిన్నతనంగా ఉండదనిపించింది. నేను కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, కంప్రెసర్ బిగించడానికి వచ్చిన జర్మన్ ఇంజనీరు ఒక ఆదివారం మాకు బంగాళదుంపల సలాడ్ చేసి పెట్టాడు. ఆనాటి డైరీ తీశాను. కొలతలతో సహా ఉంది. దుంపలు తొక్కతో ఉడికించి, వేడిమీదే ఒలిచి, చక్రాలుగా తరగాలి. మాంసం ఉడికిన నీళ్లు మరిగించి, వెనిగర్, ఉల్లిపాయ, చెంచాడు ఆవముద్ద కలిపి ముక్కల మీద పొయ్యాలి. ఆఖర్న నూనె. మా ఇంట్లో మాంసం వండం కనుక కేరట్లు ఉడికించిన నీళ్లు పెట్టాను. ఆవముద్ద మాత్రం పనసపొట్టు కూరకు నూరినట్టే పచ్చి ఆవాలతో నూరాను.

అది మరిగే నీళ్లలో వెయ్యబోతుంటే గుమ్మంలోంచి ఆమె కేక వేసింది.

"ఏంటండీ ఆ పని! ఆవ పొయ్యిమీద పెడతారా ఎవరైనా? చేదెక్కిపోద్ది."

"ఇందులో ఇలాగే రాసుంది."

"ఆ జర్మన్ ఆయన సీసాలో అమ్మే ఆవ వేసుంటాడు. మీరు నూరింది మన ఆవ."

వినకుండా వేశాను. ముక్క నోట్లో పెట్టుకుంటే కాకరకాయే నయం. నా మొహం చూసి ఆమె నవ్వింది. "పనసపొట్టు ఇన్నేళ్లు తిన్నారు, ఎలా చేస్తానో ఒక్కనాడూ చూళ్లేదన్నమాట!"

మిగిలిన నాలుగు దుంపలు ఉడకేశాను. ఈసారి ఆమె స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది. వేడి నీళ్లూ వెనిగరూ ముక్కలు పీల్చుకునేదాకా నన్ను ఆగమంది. గిన్నె తాకి చూసి, చల్లారాకే ఆవ, నూనె వెయ్యమంది.

"గరిటె పెట్టకండి, కుదపండి. చితికితే కూరైపోద్ది."

ప్లేటులో పెట్టి ఫోర్కు ఇచ్చాను. రెండు ముక్కలు తిని ఆగింది.

"ఆయన ఏ చేత్తో తిన్నాడండీ?"

"కుడిచేత చాకు, ఎడమచేత ఫోర్కు. ఎడమచేత్తోనే."

"మంచోడే," అని ప్లేటు దగ్గరికి లాక్కుంది. అది ఖాళీ చేసి, నాకు మిగిలిందో లేదో చూడకుండా మళ్లీ చాపింది.