ముందు నడిచే నవ్వు

మా గడియారాల బాబాయి జోకు రాకముందే నవ్వుతాడు.

లోకంలో జోకు విని నవ్వేవాళ్ళున్నారు. విన్నప్పుడు ఊరుకుని, ఇంటికెళ్ళి భోజనం చేస్తుండగా అర్థమై పొలమారేవాళ్ళున్నారు. పక్కవాడు నవ్వాడు కదా, మనం ఊరుకుంటే బాగుండదని మర్యాదకి నవ్వేవాళ్ళున్నారు. కానీ జోకు ఇంకా నటుడి గొంతులోనే ఉండగా, ఇక్కడ పొట్ట పట్టుకుని కుర్చీలోంచి జారిపోయే మనిషిని మాత్రం, కాలు నిలవక ఇన్ని ఊళ్ళు తిరిగినా నేను బాబాయినొక్కణ్ణే చూశాను.

వరసకి బాబాయే గాని వయసులో నాకంటే కాస్త పెద్ద, అంతే. గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని, గుండీ అంత గడియారంలో వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో ఎత్తుతున్నప్పుడు చూస్తే ఇంతటి నిదానస్థుడు లేడనిపిస్తుంది. పక్క కొట్లో దర్జీ మాత్రం ఎవరొచ్చినా చెప్పేవాడు: "ఊళ్ళో గడియారాలన్నీ సరిగ్గా నడిపిస్తాడండీ. తన నవ్వొక్కటే ఫాస్టు."

ఆ ఫాస్టు నవ్వు కూడా ఒకే ఒక్క సినిమాకి. పేరు 'నా గొడుగేదీ?'. పళ్ళడాక్టరు దగ్గర ఒకాయన గొడుగు మారిపోతుంది. చేతిలో ఉన్న గొడుగు ఎవరిదో వాళ్ళకి ఇచ్చేద్దామని బయల్దేరతాడు. ఏ ఇంటికెళ్ళినా ఆయన్ని వేరే ఎవరో అనుకుంటారు. ఒకచోట సంగీతం మాస్టారు, ఒకచోట జడ్జి, ఒకచోట ఆపరేషన్ చేయడానికొచ్చిన డాక్టరు. పాపం మొహమాటస్థుడు, ఎవరినీ కాదనలేడు. "ఆపరేషన్ మీరే చేస్తారా?" అంటే, "ముందు ఈ గొడుగు పెట్టుకోడానికి చోటు చూపించండి" అంటాడు. పైగా మొహమాటం వేసినప్పుడల్లా గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుని దాని వెనకనుంచి మాట్లాడతాడు. సినిమా మొత్తమ్మీద ఒక్క చినుకు పడదు.

ఇది విడుదలైనప్పుడు జనం టిక్కెట్టు డబ్బులు తిరిగివ్వమన్నారు. ఆఖరి ఆటకి హాల్లో బాబాయి, పిన్ని, నేను, తిరుగుతున్న ఫ్యాన్లు. అంతే.

తరవాత సినిమా ఇంటికే వచ్చే రోజులొచ్చాయి. బాబాయి ఆదివారం ఆదివారం ముందుగదిలో దాన్ని వేయడం మొదలెట్టాడు. ఆయన కుర్చీ టీవీకి ఎదురుగా ఉండదు. టీవీ పక్కనే, మనవైపు తిప్పి ఉంటుంది. అంటే ఆయన సినిమా చూడడు, సినిమా చూసేవాళ్ళని చూస్తాడు. ఎదురుగా సోఫాలో ఈ చివర పిన్ని, నేను ఊళ్ళో ఉంటే ఆ చివర నేను. మధ్యలో ఆరోజు దొరికిపోయిన మనిషి.

ఒకసారి ఇన్సూరెన్సు ఏజెంటు దొరికాడు. పాలసీ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బాబాయి విరగబడి నవ్వాడు. ఏజెంటు అటూ ఇటూ చూశాడు.

"జోకెక్కడుందండీ?"

"వస్తోంది, వస్తోంది. నవ్వేయండి."

"వచ్చాక నవ్వుతానండీ."

"వచ్చాక తీరికుండదయ్యా, వెనకాలే ఇంకోటి ఉంది!"

ఈలోగా వచ్చిన జోకు వచ్చినట్టే వెళ్ళిపోయింది. పిన్ని చక్కగా నవ్వింది. ఏజెంటు మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇలాంటి ఇంటికి పాలసీ ఇవ్వవచ్చా అన్నట్టు కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాడు.

పిన్ని అన్నగారు భయపడి బాబాయిని డాక్టరుకి చూపించాడు. "ఎప్పుడెప్పుడు వస్తుందండీ ఈ నవ్వు?" అన్నాడు డాక్టరు. "జోకుకి ముందు" అన్నాడు బాబాయి. "తరవాత?" "తరవాత జోకు వస్తుంది." జబ్బేమిటో తేలాలంటే సినిమా చూడక తప్పదని డాక్టరు మరుసటి ఆదివారం ఇంటికొచ్చాడు. ఆ పై ఆదివారం భార్యని తీసుకొచ్చాడు. ఆ పై ఆదివారం కాంపౌండరు వచ్చాడు. జబ్బు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

హాస్యం మీద పండితులు రాసిన లావుపాటి పుస్తకాలు చాలా చదివాను నేను. రైలు ప్రయాణాల్లో తలకింద పెట్టుకోడానికి కూడా బాగుంటాయి. ఒక సినిమా మొదటిసారి చచ్చి, తరవాత ఎందుకు బతుకుతుందో ఒక్కదానిలోనూ లేదు. నా మటుకు నాకు తోచిందేమిటంటే, కొత్త జోకు చుట్టం లాంటిది. లేచి నిలబడాలి, కుర్చీ వేయాలి. పాత జోకు ఇంట్లో మనిషి. ఎప్పుడొస్తాడో తెలుసు, ఏమంటాడో తెలుసు, అయినా గుమ్మంలో అడుగుల చప్పుడైతే మొహం విప్పారుతుంది. 'నా గొడుగేదీ?' మెల్లమెల్లగా ఊళ్ళో అందరికీ ఇంటిమనిషైపోయింది. కాలేజీ పిల్లలు పరీక్ష హాల్లోకి వెళ్తూ "ముందు గొడుగు పెట్టుకోడానికి చోటు చూపించండి" అనుకునేవాళ్ళు.

చివరికి, ఒకప్పుడు దాన్ని తరిమేసిన ఆ పాత హాలే, ఆదివారం పొద్దుటి ఆటగా మళ్ళీ వేయడం మొదలెట్టింది. పిల్లలు ఎర్రటి ఎండలో గొడుగులు పట్టుకుని వచ్చారు. బాబాయీ పిన్నీ కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళారు. మొదటి ఆట సగంలోనే గొడవ. "ఎవరో ముసలాయన ప్రతి జోకునీ ముందే చంపేస్తున్నాడు!"

హాలు మేనేజరు మంచివాడే. బాబాయి కొట్టు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవేళ నేనూ అక్కడే ఉన్నాను.

"మిమ్మల్ని రావద్దనడం లేదండీ. కొంచెం... అందరితోపాటు నవ్వండి."

"అందరూ ఆలస్యంగా నవ్వుతుంటే నేనేం చేసేది?"

"మీకు దణ్ణం పెడతాను. మాటివ్వండి. లేకపోతే టిక్కెట్టు ఇవ్వలేను."

బాబాయి భూతద్దం తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అలాగే లెండి" అన్నాడు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ ఆదివారం నేనూ వాళ్ళతో వెళ్ళాను. ఈ చివర నేను, మధ్యలో బాబాయి, ఆ పక్కన పిన్ని. సినిమా మొదలయ్యింది. బాబాయి చేతిరుమాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. సంగీతం మాస్టారి సీనొచ్చింది. ఆయన భుజాలు అదిరాయి. చప్పుడు మాత్రం రాలేదు. తెరమీద కథానాయకుడు గొడుగు తెరిచి, దాని వెనకనుంచి, "పాట తరవాత. ముందు తలుపు ఎటుందో చెప్పండి" అన్నాడు. హాలంతా గొల్లుమంది.

పిన్ని తెర చూడటం లేదు. బాబాయి మొహం చూస్తోంది. ఆ రుమాలు మొహంలో ఏమీ దొరక్క, కంగారుగా అటూ ఇటూ చూసి, జనం ఊగుతున్నారని పోల్చుకుని నవ్వింది. అప్పటికి హాలు నవ్వు ఆగిపోయింది. తెరమీద ఇంటాయన మంచమ్మీద దగ్గుతున్నాడు. ఆ దగ్గు మీద, అంత నిశ్శబ్దంలో, పిన్ని ఒక్కతే ఫక్కున నవ్వింది.

"ఎవరండీ అది? రోగిష్టివాడు దగ్గుతుంటే నవ్వొస్తోందా!" అన్నారు వెనకనుంచి.

ఆ మాట పిన్ని వినలేదు. తిరిగిన తలలు చూసింది. నోటిమీద చెయ్యి పెట్టుకుంది. సంచి తీసుకుని లేవబోతూ, తనకి తెలియకుండానే గట్టిగా, "ఇంటికి పోదామండీ. ఇంక నాకు సినిమాలొద్దు" అంది.

అప్పుడు వెలిగింది నాకు. "నా మొహం చూసి మాట్లాడరా" అని పిన్ని నన్నెప్పుడూ ఎందుకు గదమాయించేదో. టీవీ పక్కన కుర్చీ మనవైపు ఎందుకు తిరిగి ఉండేదో. చెవులు బాగున్న రోజుల్లో చూసిన సినిమా, ఆవిడకి ప్రతి మాటా కంఠతా వచ్చు. ఏ జోకో తెలుసు, ఎప్పుడో తెలియదు. పెదాలు చూసి పోల్చుకుందామంటే మహానుభావుడు గొడుగు అడ్డం పెట్టుకుంటాడాయె! బాబాయి అరక్షణం ముందు నవ్వితే, అది చూసి, ఆవిడ అందరితోపాటు సరిగ్గా నవ్వేది.

బాబాయి పిన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నోట్లోంచి రుమాలు పీకి జేబులో పెట్టుకున్నాడు. జడ్జి సీను మొదలైంది. జోకు ఇంకా రెండు మాటల దూరంలో ఉండగానే పైకప్పు లేచిపోయేలా నవ్వాడు.

మేనేజరు టార్చి వేసుకుంటూ పరిగెత్తుకొచ్చి, వెలుగు సూటిగా ఆయన మొహమ్మీద పెట్టాడు. "ఏమండీ, మాటిచ్చారు కదండీ!"

"ఇచ్చానయ్యా. నిలబెట్టుకుందామనే చూశాను. నావల్ల కాలేదు."

"అయితే బయటికి రండి."

ముందు వరసలో ఒక అమ్మాయి కసిరేద్దామని వెనక్కి తిరిగింది. తిరిగి, పిన్ని కళ్ళు ఎక్కడున్నాయో చూసింది. నావైపు వంగి, "ఆవిడకి వినపడదా అండీ?" అంది.

"నాకూ ఇప్పుడే తెలిసిందమ్మా."

ఆ అమ్మాయి పక్కవాడి చెవిలో ఏదో చెప్పింది. వాడు పక్కవాళ్ళకి చెప్పాడు. తరవాత ఆ అమ్మాయి మేనేజరుతో, "అన్నా, ఆ టార్చి కదపకు. ఆయన మొహమ్మీదే ఉంచు" అంది.

"నేను టార్చి పట్టుకోడానికి రాలేదమ్మా!"

"ష్! జోకొస్తోంది!"

బాబాయి నవ్వాడు. టార్చి వెలుగులో ఆ నవ్వు దీపంలా కనపడుతోంది. పిన్ని నవ్వింది. ముందు వరస నవ్వింది. ఆ తరవాతి జోకుకి వాళ్ళ వెనక వరస, ఇంకో జోకుకి బాల్కనీ. ఆఖరి రీలు వచ్చేసరికి హాలు హాలంతా అరక్షణం ముందు నడుస్తోంది. తెరమీద నటులే వెనకబడి, పాపం, నవ్విన జోకులు మళ్ళీ చెప్పుకుంటున్నట్టున్నారు. మేనేజరు సినిమా అయ్యేదాకా టార్చి పట్టుకునే ఉన్నాడు. మధ్యలో చెయ్యి నొప్పెట్టి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

బయటికొచ్చాక బాబాయిని పక్కకి లాగాను.

"పిన్ని చెవికి మిషను పెట్టించలేదా?"

"పెట్టించాను. గోల తప్ప మాట తెలియదంటుంది."

"ఇన్నేళ్ళూ పిచ్చివాడన్నారు కదా నిన్ను! ఒక్క మాట చెప్తే పోయేదిగా!"

"చెవులు ఆవిడవిరా. చెప్పడానికి నేనెవర్ని?"

అంతే. ఆ హాల్లో అదే పద్ధతైపోయింది. అక్కడినుంచి వేరే ఊళ్ళకి పాకింది. మొన్నామధ్య సముద్రం పక్క ఊళ్ళో, నేనెవరో ఎవరికీ తెలియని హాల్లో ఈ సినిమాకి కూర్చుంటే, జనమంతా జోకుకి ముందే నవ్వుతున్నారు. "ఎందుకు బాబూ ఇలాగ?" అని పక్క కుర్రాణ్ణి అడిగాను. "మీరు కొత్తా అండీ? దీనికి ఇలాగే నవ్వాలి" అన్నాడు. ఒక లెక్చరరుగారైతే ఇది కాలం మీద ప్రేక్షకుడి తిరుగుబాటని వ్యాసమే రాశాడు. బాగానే రాశాడు. నేనేమీ దిద్దలేదు.

ఆ వ్యాసం సంగతి బాబాయింట్లో చెప్తే పిన్ని నా మొహమే చూస్తూ అంతా పోల్చుకుని తెగ నవ్వింది.

"అయితే ఇంక మీ బాబాయితో పనిలేదురా. హాల్లో ఎవరి మొహం చూసినా చాలు."

బాబాయికి రోషం వచ్చింది. "ఏమోయ్, అంటే నన్ను చూడవా ఇంక?"

"చూడక ఛస్తానా! ఆ గొడుగు పెద్దమనిషి కంటే మీరే బాగుంటారు" అంది పిన్ని. ఆ మాటకి మాత్రం బాబాయి, జీవితంలో మొదటిసారి, చాలా ఆలస్యంగా నవ్వాడు.