కొంగు దోపినావా?

నర్సమ్మ పోయిందన్న మాట నాకు ఆటో అతను చెప్పాడు. "మన ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ల్యాకపాయ టీచరమ్మా. గుండెపోటంట. కర్నూలు చేరేలోపలే అయిపాయె." చేతిలోని బండి తాళం మళ్ళీ మేకుకు తగిలించాను. ఆ రోజు బడికి వెళ్ళలేదు.

కోడుమూరు దగ్గరి ఈ ఊరికి బదిలీ మీద వచ్చాను. నాకు ముందూ వెనకా ఎవరూ లేరు. నా అద్దె ఇంటికి ఎదురుగానే ఆరోగ్య కేంద్రం. మొదటిరోజు స్కూటీ ఎక్కబోతుంటే ఆ గడపలోంచి కేక: "ఏమ్మా, ఆ కొంగు యాడికి పోతాండాది, చక్రంలోకా?" నాకు ఒళ్ళు మండింది. సూదులేసే మనిషికి నా చీరతో ఏం పని?

ఆమె పనే అది. కళ్ళంలో వేరుశనగ మిషన్ ఆడుతుంటే ఎదురుగా పోయి నిలబడేది. ఆడవాళ్ళందరూ కొంగులు దోపి, జడలు ముడేసుకునేదాకా కదిలేది కాదు. మిషనాయన అరిస్తే, "చెయ్యి పొయినాక కట్టు కట్టేదానికేనా సర్కారు నాకు జీతమిచ్చేది? పోకుండా చూసేదానికి గూడా ఇస్తాందప్పా" అనేది.

ఇక్కడి కోడళ్ళు మామ ఎదుట కొంగు నడుముకు దోపరు. దోపితే కొట్లాటకు దిగినట్టట! అందుకే బైకు వెనక కూర్చున్నా ఊరు దాటేదాకా కొంగు గాలికి ఎగరాల్సిందే. ఒక కోడలు అట్లాగే కొంగు చక్రంలో చిక్కుకుని పడింది. బతికింది గానీ మెడ నేటికీ సరిగా తిరగదు. అప్పుడు నర్సమ్మ కోడళ్ళకేమీ చెప్పలేదు. నేరుగా మామల దగ్గరికి పోయి కూర్చుంది. "మర్యాద మెడకు చుట్టుకుంటే ఏం జేస్తావు పెద్దాయనా? నువ్వే చెప్పు నీ కోడలికి." చివరికి ఒక మామ వీధిలో అందరూ వినేటట్టు, "దోపుకోమ్మా, నేనేమీ అనుకోను" అన్నాడు. ఆ రోజు నర్సమ్మ మొహం చూడాలి, ఊరు గెలిచినట్టుంది.

నాకు మాత్రం ప్రతి పొద్దునా అదే ప్రశ్న. "టీచరమ్మా, కొంగు దోపినావా?"

"దోపినాలే తల్లీ, వదులు!"

విసుగంతా పైకే. సాయంత్రం నేను రావడం ఆలస్యమైతే ఆమె గడపలో నిలబడి ఉండేది. నేను క్షేమంగా తిరిగి రావాలని చూసే మనిషి ఈ భూమ్మీద ఒకరున్నారని ఎంత ధీమాగా ఉండేదో!

ఆమె స్థానంలోకి ఇంకా ఎవరూ రాలేదు. సర్కారు ఎవరినో ఒకరిని పంపిస్తుందిలే. రోజూ పొద్దున బండి తీసి, తాళం వేసిన ఆరోగ్య కేంద్రం తలుపు ముందు ఆపుతున్నాను. దోపిన కొంగు ఒకసారి విప్పి, మళ్ళీ గట్టిగా దోపుకుని, ఆ గడపకు చూపించి పోతున్నాను.