పత్తి ఇంట్లో, మేం వీధిలో

ఎనభైల్లో మా పల్నాట్లో రెండే కాలాలు ఉండేవి: పత్తి అమ్మకముందు, పత్తి అమ్మినాక. పిల్ల పెళ్ళి చేయాలన్నా, పైకప్పు పెంకులు మార్చాలన్నా, ముసలమ్మను నరసరావుపేట తీసుకెళ్ళి కంటి ఆపరేషన్ చేయించాలన్నా, "పత్తి అమ్మినాక చూద్దాంలే" అనేవాళ్ళం. మా తాత కాలంలో జొన్నలు పండించి, ఆ జొన్నలే తినిపించిన నల్లరేగడి, పత్తి వచ్చాక మాకు వరన్నం పెట్టింది. రేడియో, మోటారుసైకిలు ఇచ్చింది. వాటితోపాటు నాలాంటి మేధావుల్ని కూడా తయారుచేసింది.

నా మేధస్సల్లా డిగ్రీ తప్పి ఇంటికొచ్చి రేడియోలో ధరలు వినడం. ఆ మాత్రానికే మా నాన్న అమ్మకాల పెత్తనం నా చేతికిచ్చాడు. తీసిన పత్తిని వెంటనే అమ్మకుండా ఇంట్లో పోసి, రేటు కోసం ఆగడం అప్పట్లో మాకో గొప్ప. వాకిట్లోంచి చూస్తే పత్తి దూలాన్ని తాకుతూ కనిపించాలి. దారినపోయేవాళ్ళు "వీళ్ళు ఆగగలిగినవాళ్ళు" అనుకోవాలి. ఆ గొప్ప కోసం మంచాలు వీధిలో వేసుకున్నాం. నిప్పురవ్వ పడుతుందన్న భయంతో పొయ్యిని కొట్టం పక్కకు మార్చాం. పత్తిలోంచి ఎర్రటి పురుగులు నడిచొచ్చి మా ఒంటి మీద కాపురం పెట్టాయి. వీపు గోక్కుంటూనే నేను వచ్చినవాళ్ళందరికీ రేటు మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి.

అప్పటికి మా ఆవిడ తొలికాన్పుకని క్రోసూరు దగ్గర పుట్టింట్లో ఉంది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో ఇద్దర్నీ తీసుకురావాలి. "ఇంట్లో చోటు లేదు, పత్తి అమ్మినాక వస్తా" అని కబురు పంపాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే పంపాను. ఆ తర్వాత అటునుంచి కబుర్లు ఆగిపోయాయి. భయమేసి బస్సెక్కాను.

అత్తగారింటి గుమ్మంలోనే సంగతి అర్థమైంది. అక్కడా పత్తే. మా మామగారు నాకంటే పెద్ద మేధావి, వసారా కూడా నింపేశాడు. పశువుల కొట్టంలో గేదెలకు ఇవతల దుప్పటి అడ్డం కట్టి, చీర ఉయ్యాల్లో నా కూతుర్ని పడుకోబెట్టారు. లేత ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు. అది గుక్కపట్టి ఏడుస్తుంటే మామగారు నన్ను పక్కకు పిలిచి, "అల్లుడూ, రేడియోలో ఏమన్నాడయ్యా? ఇంకొంచెం ఆగుదామా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది.

"మీ ఇంట్లో పత్తి. మా ఇంట్లో పత్తి. ఈ పిల్లను ఏడ పెట్టాలో మామా అల్లుళ్ళు కూర్చోని తేల్చుకోండి."

నాకు సిగ్గేసింది. ఆ దద్దుర్లు చూస్తే ఏడుపూ వచ్చింది. మర్నాడే ఇంటికొచ్చి బేరగాణ్ణి పిలిచి, అతనడిగిన రేటుకే కాటా వేయించాను. మా నాన్న కాటా దగ్గరికే రాలేదు. ఇల్లు కడిగించి, సున్నం కొట్టించి, తల్లినీ పిల్లనూ తీసుకొచ్చాను.

నెల తిరక్కుండానే రేటు పెరిగింది. నాకేదో రేడియో లేనట్టు, ఊళ్ళో ప్రతివాడూ గుమ్మం దాకా వచ్చి చెప్పిపోయాడు. కడుపు మండిన మాట నిజం. ఆ మంటలో బుద్ధి గడ్డి తిని, అన్నం ముందు కూర్చుని, "ఇంకాస్త ఆగుంటే ఎంత బాగుండేది" అన్నాను.

పిల్లకు పాలిస్తున్న మా ఆవిడ తలెత్తలేదు.

"మా నాయన కూడా మొన్ననే అమ్మేశాడంట. ఇప్పుడు మా ఇంట్లో చానా చోటుంది," అంది.

పప్పులో ఉప్పెక్కువైంది. ఆ మాట కూడా అనకుండా తిని లేచాను.