కాలే కారుకు కాపలా

మా అక్క మొగుడిది తాళాల దుకాణం. లోకంలో దొంగలందరూ తన కోసమే పుట్టారని ఆయన నమ్మకం. వీధి తలుపుకు మూడు తాళాలు వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూస్తాడు. నేనాయన్ని జాగ్రత్త బావ అని పిలుస్తాను. అదేదో బిరుదన్నట్టు మురిసిపోతాడు.

అంతటి మనిషి ముచ్చటపడి చిన్నసైజు లగ్జరీ ఎస్‌యూవీ కొన్నాడు. కొన్న నెలకే వెనక డోరు దానంతటదే తెరుచుకునేది, ముందున్న టచ్ స్క్రీన్ నల్లబడేది.

"పెద్దింటి పిల్ల, ఆమాత్రం పేచీలు పెడుతుంది" అని వెనకేసుకొచ్చాడు.

ఒకరోజు కంపెనీ నుంచి ఫోన్. ఆ రకం కార్లన్నీ వెనక్కి పిలుస్తున్నారట. వైర్లలో లోపం ఉందట, ఆపి ఉంచినా అంటుకోవచ్చట. బాగుచేసే సామాను రాగానే లారీ పంపుతాం, అందాకా ఇంటికి దూరంగా పెట్టండి అన్నారు.

బావ కారును వీధి చివర ఖాళీ స్థలంలో పెట్టొచ్చాడు. కాసేపటికే అనుమానం మొదలైంది. అక్కడ దొంగలెత్తుకుపోతే? వెళ్ళి అందులోనే కూర్చున్నాడు. భోజనం అక్కడే, పడక అక్కడే. బేరాలకొచ్చినవాళ్ళకు కిటికీలోంచే తాళాలు అమ్మేవాడు.

నాకు ఒళ్ళు మండింది. "కాలిపోయే కారుకు కాపలా ఏంటి బావా, మతి ఉండే చేస్తున్నావా?"

"కాలితే కంపెనీ ఇంకోటిస్తుంది. పోతే ఎవడిస్తాడు?"

ఏం చెప్తాం, చెవిటివాడి ముందు శంఖం. అక్క ఏడ్చింది, తిట్టింది, అన్నం మానేసింది. ఆయన కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్ళిన అక్క, దాన్ని అందించకుండా పక్క తలుపు తీసి కూర్చుంది. బెల్టు కూడా పెట్టుకుంది. నేను బయటే నిలబడ్డాను.

"దిగు" అన్నాడు బావ.

"ఎందుకు? సీటు మెత్తగా ఉంది."

"అంటుకుంటుందే."

"మీకు అంటుకోదా?"

"నా సంగతి వేరు."

"ఏం వేరు? మీరు పోతే ఆ మూడు తాళాలూ నేనొక్కదాన్నే వేసుకోవాలి."

బావ వంగి ఆవిడ బెల్టు తీయబోయాడు. పాడు బెల్టు, అదీ ఒక పట్టాన ఊడలేదు. ఆయన నొక్కాడు, లాగాడు, మళ్ళీ నొక్కాడు, నాకూ భయమేసింది. చివరికి ఊడింది. అక్క చెయ్యి పట్టుకుని, క్యారియర్ కూడా వదిలేసి, వెనక్కి చూడకుండా ఇంటికి లాక్కుపోయాడు.

వారానికి లారీ వచ్చింది. కారు ఉన్నచోటే ఉంది, దొంగలకూ ఫోన్ వెళ్ళినట్టుంది. ముందు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి, తాళంచెవి సీటు మీదే ఉంది. ఇన్నేళ్ళలో మా బావ తాళం వెయ్యడం మరిచింది ఆ ఒక్కదానికే.